మెరిసే బోల్టుల మీద నా అనుమానం

గత నెలలో ఒక ఆదివారం పొద్దున, మా బడిలో పనిచేసే తోటి ఉపాధ్యాయుడి కొడుకు ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకొని హనుమకొండలోని మా ఇంటికి వచ్చాడు. కుర్రాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. డబ్బాలో ఎనభైకి పైగా స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, నట్లు, వాషర్లు అరలు అరలుగా సర్ది ఉన్నాయి. తన బండికి తుప్పు పట్టిన బోల్టులన్నీ తీసేసి వీటిని బిగించాలని అతని ఆలోచన. "సార్, మీ నాన్నగారి బండికి మీరు గూడ ఇట్లనే మార్చిన్రట గద, పానాలు ఇస్తరా?" అని అడిగాడు. మార్చిన మాట నిజమే. పానాలు ఇవ్వడానికి నాకు అభ్యంతరమూ లేదు. కానీ ఆ డబ్బా చూడగానే సంతోషానికి బదులు నాకు కొంచెం దిగులు కలిగింది.

ఆ రోజు అతనికి చెప్పిన మాటలను, అప్పటికప్పుడు తోచక చెప్పలేకపోయిన మాటలను కలిపి ఇక్కడ రాస్తున్నాను. మోటారు సైకిలుకున్న బోల్టులన్నిటినీ ఒక్క ఊపులో స్టెయిన్‌లెస్‌కు మార్చడం తప్పని నా అభిప్రాయం. మూతలను, రేకులను పట్టి ఉంచే చోట అవి చక్కగా పనిచేస్తాయి. బరువును, కుదుపును మోసే చోట మాత్రం తుప్పు పట్టే గుణమున్న గట్టి బోల్టునే, కొత్తది తెచ్చి, వేసుకోవాలి. ఈ మాట అనగలగడానికి నాకు ఒక హాక్సా బ్లేడు, ఒక లేత్ షాపు బిల్లు, మా మేనమామ చేత తిన్న చీవాట్లు ఖర్చయ్యాయి.

జంగు ఎందుకు పట్టింది

బండి 2002 నాటి స్ప్లెండర్. పరకాల దగ్గరి మా ఊళ్లో నాన్న దాన్ని బండిగా కంటే ఎడ్లబండిగా ఎక్కువ వాడాడు. వానాకాలం పంటకు యూరియా, డీఏపీ, పొటాష్ బస్తాలన్నీ దాని వెనుక సీటు మీదే పొలానికి చేరేవి. బస్తా కుట్టు ఊడి రాలిన పొడి సీటు కింద, చైను కవరు మీద, ఫుట్‌రెస్టు చుట్టూ పేరుకునేది. యూరియాకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడు, ఒక రకంగా ఉప్పే. మా వరంగల్‌కు సముద్రం ఎంతో దూరమని, ఇక్కడి లోహాలకు ఉప్పుగాలి బెడద లేదని అనుకుంటాం గాని, రైతు బండి మీదికి సముద్రం బస్తాలో వస్తుంది.

దాని మీద 2023 జూలై ఆఖరి వారంలో వరద వచ్చింది. అప్పటికి నాన్న బండి నడపడం మానేసినందున దాన్ని హంటర్ రోడ్డు వైపు ఉన్న మా చెల్లెలి ఇంటి ముందు పెట్టాం. వీధులన్నీ నీట మునిగిన ఆ రోజుల్లో బండి రెండు రోజుల పాటు సీటు దాకా బురదనీటిలోనే నిలబడింది. నీరు తీశాక ఇంజను తుడిచి, నూనె మార్చి, ఎలాగో స్టార్టు చేయించాం. బోల్టుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నెల తిరిగేసరికి ప్రతి బోల్టు తల మీద ఇటుక రంగు పొర కట్టింది.

ఇనుము తుప్పుగా మారినప్పుడు అది ఆక్రమించే చోటు రెండింతల నుంచి ఆరింతల దాకా పెరుగుతుంది. బోల్టు మరకు, నట్టు మరకు నడుమ ఉండే సందు వెంట్రుక వాసి. అక్కడ తుప్పు ఉబ్బితే బోల్టు గోడలోకి దిగ్గొట్టిన మేకులా బిగుసుకుంటుంది. మా ఇంజను పక్క మూతకున్న ఆరు మిల్లీమీటర్ల బోల్టుల్లో రెండింటి తలలు పానా కింద గుండ్రంగా అరిగిపోయాయి, ఒకదాని తల ఊడి చేతికొచ్చింది. మా చిన్నప్పుడైతే గ్యాసునూనె, అంటే కిరోసిన్, పోసి రాత్రంతా నానబెట్టేవారు. ఇప్పుడు అది దొరకడం కష్టం కాబట్టి నేను డీజిలు పోశాను. ఫలితం లేకపోవడంతో ములుగు రోడ్డులోని మా పాత మెకానిక్ దగ్గరికి తోసుకుంటూ తీసుకెళ్లాను. ఆయన బోల్టును వదిలేసి దాని చుట్టూ ఉన్న అల్యూమినియానికి మంట చూపించాడు. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం కాస్త తెరుచుకొని బోల్టును వదులుతుంది. నేను బడిలో నల్లబల్ల మీద చెప్పే పాఠం ఆయన చేతిలో ఉండటం చూసి కొంచెం సిగ్గుపడ్డాను.

చివరి బోల్టు బయటికి తీశాక ఆయన అన్న మాటను నేను అప్పుడు సరిగా వినిపించుకోలేదు. "జంగు పట్టుడు గాదు సార్, దీన్ని ఇరవై ఏండ్ల సంది ఎవ్వలూ ఇప్పలేదు."

నేను విన్నది తుప్పు గురించి మాత్రమే. తుప్పే శత్రువైతే తుప్పు పట్టని బోల్టే మందు అనుకొని, ఆ సాయంత్రమే స్టేషన్ రోడ్డులోని ఒక హార్డ్‌వేర్ దుకాణంలో బండికి సరిపడా స్టెయిన్‌లెస్ బోల్టులు కొన్నాను. మామూలు వాటికంటే మూడు నాలుగింతల ధర. ఆ ఏడు దసరాకు బండిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసినప్పుడు పూల కంటే బోల్టులే ఎక్కువ మెరిశాయి. నాన్న కూడా వంగి చూసి, "కొత్త బండి లెక్క అయింది" అన్నాడు. ఈ వ్యాసంలో స్టెయిన్‌లెస్‌కు వ్యతిరేకంగా నేను ఎన్ని చెప్పినా ఆ మురిపెం అబద్ధం కాదు.

ఆవకాయ జాడీ చెప్పే సంగతి

మన ఇళ్లలో "స్టీలు" అంటేనే స్టెయిన్‌లెస్. స్టీలు గిన్నె, స్టీలు బిందె, స్టీలు టిఫిన్ డబ్బా తరాలు మారినా తుప్పు పట్టవని మనకు గట్టి నమ్మకం. అయినా ఆ నమ్మకమున్న ఇల్లాలే ఆవకాయను స్టీలు డబ్బాలో పెట్టదు, జాడీలోనే పెడుతుంది. ఉప్పు, పులుపు కలిసి నెలల తరబడి నిలవ ఉంటే స్టీలు అడుగున చిన్న చిన్న గుంటలు పడతాయని మా అమ్మకు ఏ రసాయన శాస్త్రమూ చదవకుండానే తెలుసు.

ఉక్కులో క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటే అది గాలిలోని ఆమ్లజనితో కలిసి కంటికి కనపడని పలుచని పొర కడుతుంది. ఆ పొరే లోపలి ఇనుమును కాపాడుతుంది. గీత పడితే గాలి తగిలిన చోట పొర మళ్లీ తనంతట తానే కట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ గొప్పతనం ఇంతే, ఇది తక్కువదేమీ కాదు. కాకపోతే ఆ పొర నిలవాలంటే గాలి తగలాలి, క్లోరైడు తగలకూడదు. వాషరు కింద, మర లోపల, బురద పేరుకున్న మూలలో గాలి ఆడదు. అటువంటి చోట పొటాష్ పొడి కలిసిన నీరు నిలిస్తే గిన్నె అడుగున పడిన గుంటలే బోల్టు మెడ మీదా పడతాయి. బోల్టులకు ఎక్కువగా వాడే ఏ2 రకంలో, అంటే మన వంటింటి 304లో, సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. మాలిబ్డినం కూడా చేర్చిన ఏ4 రకం, అంటే 316, క్లోరైడును ఇంకొంత బాగా తట్టుకుంటుంది, కానీ మా వీధి దుకాణాల్లో దాన్ని అడిగితే వింతగా చూస్తారు.

అసలు నేను కొన్నవి 304 బోల్టులేనా అన్నది మరో ప్రశ్న. దుకాణదారు నా ముందే అయస్కాంతం తెచ్చి బోల్టుకు ఆనించి, "చూడుండ్రి, అతుక్కుంటలేదు, అసలైన స్టీలు" అన్నాడు. నేను నమ్మాను. భౌతిక శాస్త్రం చెప్పే మనిషిని ఇంకా త్వరగా నమ్మించవచ్చేమో. నికెలు ఖరీదైనది కాబట్టి దాన్ని చాలామేరకు తగ్గించి మాంగనీసు కలిపి చేసే 200 వరుస స్టెయిన్‌లెస్ మన దేశంలో విరివిగా అమ్ముడవుతుంది. అది 304 కంటే త్వరగా మరకలు పడుతుంది, దానికీ అయస్కాంతం అతుక్కోదు. మరోవైపు, నిజమైన 304 బోల్టు చల్లగా ఉండగానే అచ్చులో నొక్కి చేసినదైతే అయస్కాంతానికి కొద్దిగా లాగుతుంది. అంటే ఆ పరీక్ష నకిలీని అసలు అని, అసలును నకిలీ అని చెప్పగలదు. నమ్మదగినది తల మీది ముద్ర ఒక్కటే. "ఏ2-70" అని చెక్కి ఉంటే దానికి ఒక ప్రమాణం ఉన్నట్టు. నేను కొన్న వాటి తలలు అద్దంలా నున్నగా ఉన్నాయి. ఆ నునుపే నాకు నచ్చింది కూడా!

మరుసటి వానాకాలానికి వాటిలో పది పన్నెండు బోల్టుల మీద టీ మరకలాంటి రంగు కనిపించింది. లోహం నాసిరకం కావచ్చు. దసరా ముందు నేను ఇనుప తీగల బ్రష్షుతో బండిని రుద్దినప్పుడు అంటుకున్న ఇనుప రజను తుప్పు పట్టి ఉండవచ్చు. లేదా సందుల్లో మిగిలిన ఎరువు పొడి కావచ్చు. మూడింటిలో ఏది కారణమో ఈనాటికీ నేను తేల్చలేను.

తల మీది అంకె

మరక కంటికి సంబంధించినది, దాన్ని భరించవచ్చు. ఇంజను కింద ఫుట్‌రెస్టు కడ్డీని పట్టి ఉంచే ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుల దగ్గర నేను చేసిన పొరపాటు అంత తేలికైనది కాదు. వాటినీ అదే దుకాణంలో కొన్న ముద్ర లేని స్టెయిన్‌లెస్ బోల్టులతో మార్చాను. ఏడాదికి ఫుట్‌రెస్టు కొద్దిగా ఊగడం మొదలుపెట్టింది. బిగించాను. నెలకు మళ్లీ ఊగింది. ఇంకా బిగించాను. పండగకు వచ్చిన మా మేనమామ బండి ఎక్కి కాలు పెట్టగానే దిగిపోయాడు.

ఆయన కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. రైలింజను కింద పడుకొని ముప్పై ఏళ్లకు పైగా బోల్టులు బిగించిన చేతులు. బోల్టు విప్పించి, పెట్టెలోంచి అదే కొలత కొత్త బోల్టు తెమ్మని, రెండింటినీ పక్కపక్కన పెట్టి మరల పళ్లను ఒకదాంట్లో ఒకటి కూర్చి వెలుతురుకు ఎత్తిపట్టాడు. మొదటి నాలుగైదు పళ్లు అతికాయి, ఆ తర్వాత సందులోంచి వెలుతురు కనిపించింది. పాత బోల్టు సాగిపోయింది. నేను వదులైందనుకొని బిగించిన ప్రతిసారీ దాన్ని ఇంకొంత సాగదీశానన్న మాట.

"దీని తల మీద అంకె ఏది?" అని అడిగాడు. లేదన్నాను. "అంకె లేని బోల్టు, ఊరు పేరు లేని మనిషి. బరువు పనికి పెట్టుకుంటరా అల్లుడా?"

అప్పుడు ఆయన చెప్పిన దాన్ని తర్వాత నేను లెక్క వేసి చూసుకున్నాను. బోల్టు అంటే రెండు ముక్కలను గుచ్చి ఉంచే మేకు అని మనం అనుకుంటాం. నిజానికి అది ఒక గట్టి స్ప్రింగు. బిగించినప్పుడు అది రవ్వంత సాగి, తిరిగి ముడుచుకోవాలని చూస్తూ రెండు ముక్కలనూ అదిమి పట్టుకుంటుంది. ఆ అదుముడే వాటిని కదలనివ్వదు. సాగిన మేర తిరిగి ముడుచుకోలేకపోయిన క్షణాన ఆ బోల్టు పని ముగిసినట్టే, తల ఊడకపోయినా సరే.

ఇనుప బోల్టు తల మీద 8.8 అని ఉంటే అది చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దగ్గర తెగుతుందని, అందులో పదింట ఎనిమిది వంతుల దగ్గర, అంటే 640 దగ్గర, శాశ్వతంగా సాగడం మొదలవుతుందని అర్థం. 10.9 అంటే 1000, 900. ఏ2-70 బోల్టు 700 దగ్గర తెగుతుంది, సాగడం 450 దగ్గరే మొదలవుతుంది. తెగే అంకెలు చూస్తే తేడా కొద్దిగానే కనిపిస్తుంది, సాగే అంకెలు చూస్తే దాదాపు ముప్పై శాతం. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు మర దగ్గర బలాన్ని మోసే అడ్డుకోత 36.6 చదరపు మిల్లీమీటర్లు. ఆ లెక్కన 8.8 బోల్టు సుమారు 2,390 కిలోల లాగుడు దాకా స్ప్రింగులా ఉంటే, ఏ2-70 బోల్టు 1,680 కిలోల దగ్గరే చేతులెత్తేస్తుంది. ముద్ర లేని నా బోల్టు ఎక్కడ ఎత్తేసిందో ఎవరికి తెలుసు?

ఫుట్‌రెస్టు మీద టన్ను బరువు ఎవరు మోపుతారని ఇక్కడ ఒకరు అడగవచ్చు. నేనూ మామను అదే అడిగాను. కాలు పెట్టే చోటు బోల్టుకు జానెడు దూరాన ఉంటుంది, గుంతలో పడినప్పుడు మనిషి బరువు ఒక్క క్షణం ఎన్నో రెట్లవుతుంది, బిగింపు తక్కువైతే ముక్కలు రవ్వంత జరుగుతాయి, అలా జరిగిన ప్రతిసారీ బోల్టు అటూ ఇటూ వంగుతుంది. తీగను పదిసార్లు వంచి తెంపినట్టే ఇదీ. దీన్ని ఆయన ఇంత వివరంగా చెప్పలేదు. "జంగు పట్టిన బోల్టు నీకు చెప్పి పోతది. ఇది మెరుసుకుంటనే పోతది" అన్నాడు. ఆ మాటలో కొంత అతిశయోక్తి ఉందని నాకు తెలుసు. లోపల కుళ్లిన ఇనుప బోల్టు కూడా చెప్పకుండానే తెగిన సందర్భాలు ఆయనకే తెలియకపోవు. అయినా, బండి కడిగిన ప్రతిసారీ తుప్పు రంగు నన్ను వంగి చూసేలా చేసేదని, మెరుపు ఆ అలవాటును మాన్పించిందని ఒప్పుకోక తప్పలేదు.

గట్టిదనం వేరు, తుప్పు పట్టకపోవడం వేరు అన్న సంగతి మన ప్రాంతానికి కొత్త కాకూడదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కొలిమివాళ్లు మూసలలో కరిగించి చేసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లి కత్తులైంది. లోకం మెచ్చిన ఆ ఉక్కుకు తుప్పు పడుతుంది.

కరుచుకున్న నట్టు, ఊడివచ్చిన మర

హాక్సా బ్లేడు కథ చిన్నది. ముందు గార్డుకు స్టెయిన్‌లెస్ బోల్టు, స్టెయిన్‌లెస్ నట్టు పెట్టి పొడిగా, వేగంగా బిగిస్తున్నాను. సగం దూరం వెళ్లాక నట్టు ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. బిగింపు ఒత్తిడికి రెండు మరల మీది రక్షణ పొరలు చిట్లి, లోపలి లోహాలు ఒకదానికొకటి అతుక్కుపోవడం స్టెయిన్‌లెస్‌కు ఉన్న పాత జబ్బు. వెల్డింగు యంత్రం లేకుండానే వెల్డింగు జరిగిపోతుంది. అరగంట కోసి తీయాల్సి వచ్చింది. తుప్పు పట్టి బిగుసుకోవడానికి ఇనుప బోల్టుకు ఇరవై ఏళ్లు పట్టింది, దీనికి ఇరవై క్షణాలు కూడా పట్టలేదు. మరలు కరుచుకోకుండా వాడే యాంటీ సీజ్ పేస్టు రాసి, మెల్లగా, చేత్తో తిప్పినంత దూరం చేత్తోనే తిప్పి ఉంటే ఆ అరగంట మిగిలేది.

లేత్ షాపు బిల్లుకు కారణమైంది ఇంజను మూత. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానికొకటి ఆనుకొని ఉంటే వాటి మధ్య చిన్న బ్యాటరీ ఏర్పడి, బలహీనమైనది కరుగుతుంది. స్టెయిన్‌లెస్‌కూ అల్యూమినియానికీ మధ్య కరిగేది అల్యూమినియమే. జింకు పూత ఉన్న మామూలు బోల్టుతో ఈ తగాదా తక్కువ, ఎందుకంటే ఏ లోహం ముందు కరుగుతుందో చెప్పే వరుసలో జింకు, అల్యూమినియం దగ్గరి చుట్టాలు. పైగా పూత ఉన్నంత కాలం జింకు తాను ముందు కరుగుతూ లోపలి ఇనుమును కాపాడుతుంది. మనం ఏవగించుకునే తుప్పు ఆ పూత అయిపోయిందని చెప్పే కబురు మాత్రమే. బోల్టు చిన్నది, ఇంజను పెద్దది కాబట్టి నష్టం పెద్దగా ఉండదని పుస్తకాలు చెబుతాయి, అది చాలామటుకు నిజం. కానీ నీరు నిలిచే రంధ్రంలో ఏ పేస్టూ లేకుండా బిగిస్తే నష్టం అంతా ఆ కొద్ది మర మీదే పడుతుంది. గత వేసవిలో క్లచ్చు ప్లేట్ల కోసం మూత విప్పినప్పుడు అడుగు వరుసలోని ఒక బోల్టు తెల్లటి పిండితో పాటు అల్యూమినియం మరను కూడా తీగచుట్టలా పట్టుకొని బయటికి వచ్చింది. లేత్ షాపులో రంధ్రాన్ని పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో తీగతో చేసిన హెలికాయిల్ చుట్టను దించారు. ఆ తీగ స్టెయిన్‌లెస్‌దే. దాన్ని చూసి నవ్వుకున్నాను.

ఇక్కడ స్టెయిన్‌లెస్ పక్షాన ఒక మాట చెప్పాలి. వేడెక్కినప్పుడు అది ఇనుము కంటే ఎక్కువగా, అల్యూమినియం కంటే తక్కువగా వ్యాకోచిస్తుంది, కాబట్టి వేడి ఇంజనులో అల్యూమినియంతో పాటు కదలడంలో ఇనుము కంటే కొంచెం నయం. మూత బోల్టులకు బిగింపు కూడా ఎక్కువ అవసరం లేదు. పేస్టు రాసి, మర జారుడుగా ఉంటుంది కాబట్టి మామూలు కంటే పావు వంతు తగ్గించి బిగించి, ఏడాదికోసారి విప్పి చూస్తే అక్కడ దానికి వంక పెట్టలేను. ఇప్పటికీ నా బండి ఇంజను మూతలకు ఉన్నవి స్టెయిన్‌లెస్ బోల్టులే, కాకపోతే ఈసారివి ముద్ర ఉన్నవి.

నా వాదనకు ఎదురు మాటలు

విశాఖపట్నంలో ఉండే నా స్నేహితుడు ఇదంతా విని ఒప్పుకోలేదు. సముద్రం పక్కన జింకు పూత ఎక్కువ కాలం నిలవదని, తన బండికి ఒరిజినల్ బోల్టులు మార్చీ మార్చీ విసుగెత్తి స్టెయిన్‌లెస్‌కు వెళ్లానని, ఏడేళ్లుగా ఏ ఇబ్బందీ లేదని అన్నాడు. ఆయన చోట ఆయన మాట సబబే కావచ్చు. తుప్పు వల్ల సగం తినేసిన 8.8 బోల్టు కంటే చెక్కుచెదరని ఏ2-70 బోల్టు మేలని నేనూ ఒప్పుకుంటాను. నా మాట వరంగల్, కరీంనగర్ లాంటి చోట్ల గురించి. ఇక్కడ వాన నాలుగు నెలలు, ఎండ ఎనిమిది నెలలు. ఏడాదికోసారి నూనె చుక్క చూపిస్తే మామూలు బోల్టు పదేళ్లు సులువుగా బతుకుతుంది.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన ఎదురు మాట మెకానిక్‌ది. "సార్, 8.8 ఎయ్యాలె అంటున్నరు గని, దుకాణంల అడుగుతె ఇచ్చేటివి ఏం బోల్టులు? తలకాయ మీద ఏం లేని నల్ల బోల్టులే గద?" నిజమే. గేట్లకు, షెడ్లకు వాడే మామూలు మెత్తటి ఇనుప బోల్టు 4.6 రకం, 400 దగ్గర తెగి 240 దగ్గరే సాగుతుంది. కంపెనీ బోల్టు పోయిన చోట అటువంటిదాన్ని తోసి బిగించేవాళ్లు మా ఊళ్లలో కోకొల్లలు. దానితో పోలిస్తే ముద్ర ఉన్న ఏ2-70 ఎంతో గట్టిది. కాబట్టి స్టెయిన్‌లెస్ వేసుకున్నవాళ్లను తప్పుపట్టే ముందు, వాళ్లు దేని బదులు వేసుకున్నారో చూడాలి. ఈ మాటకు నా దగ్గర జవాబు ఒక్కటే, అది ఆయనకు నచ్చలేదు. బండి కంపెనీ విడిభాగాల దుకాణంలో బోల్టును పేరు చెప్పి అడిగితే ఇస్తారు, తెప్పించడానికి వారం పడుతుంది. వారం పాటు పని ఆపుకుని కూర్చునే ఓపిక రోడ్డు పక్క మెకానిక్‌కు ఎక్కడిది?

బ్రేకు డిస్కు స్టెయిన్‌లెస్సే కదా, అక్కడ లేని భయం బోల్టు దగ్గర ఎందుకని కుర్రాడు కూడా అడిగాడు. మంచి ప్రశ్న. డిస్కుకు వాడే స్టెయిన్‌లెస్ వేరే కుటుంబానిది, కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచి గట్టిపరచగలిగినది. అందుకే దానికి అయస్కాంతం గట్టిగా అతుక్కుంటుంది. వంటింటి 304ను అలా కాల్చి గట్టిపరచలేం. పేరు ఒకటే అయినా గుణాలు వేరు.

వార్తాపత్రిక మీద రెండు కుప్పలు

ఆ ఆదివారం వరండాలో పాత వార్తాపత్రిక పరిచి, డబ్బా గుమ్మరించి, ఇద్దరం బోల్టులను వేరు చేశాం. ఇంజను మూతలు, చైను కవరు, మడ్‌గార్డులు, నంబరు ప్లేటు, పక్క ప్యానెళ్లు, అద్దాల కాడలు ఒక కుప్ప. వెనుక, ముందు చక్రాల ఇరుసులు, బ్రేకు క్యాలిపరు, స్వింగ్ ఆర్మ్, ఇంజనును ఫ్రేముకు పట్టి ఉంచేవి, స్ప్రాకెట్టు, ఫుట్‌రెస్టు ఇంకో కుప్ప. డబ్బాలోని బోల్టుల్లో సగానికి పైగా మొదటి కుప్పలోకే వచ్చాయి, అందువల్ల కుర్రాడి ముఖం పూర్తిగా చిన్నబోలేదు. రెండో కుప్పలోని పనులకు అతని పాత బోల్టులు విప్పి చూశాం. చాలావాటికి తుప్పు తల మీదే ఉంది, మర లోపల జింకు పసుపు రంగు ఇంకా మిగిలే ఉంది. వాటిని తుడిచి, నూనె రాసి, తిరిగి అవే బిగించాం. రెండు మాత్రం మెడ దగ్గర సన్నబడ్డాయి, వాటి పేర్లు రాసుకొని విడిభాగాల దుకాణానికి పంపించాను.

తేలనివి హ్యాండిలు పట్టీని బిగించే నాలుగు ఎలెన్ బోల్టులు. పైకి కనిపించే చోటు కాబట్టి కుర్రాడికి అక్కడే మెరుపు కావాలి. అవి మోసేది తక్కువ బరువే అయినా, జారితే బండి దిక్కు మన చేతిలో ఉండదు. నేను అటూ ఇటూ ఊగి, చివరికి మామకు ఫోను చేశాను.

"తల మీద ఏమున్నది?" అన్నాడు.

కళ్లద్దాలు పెట్టుకొని నాలుగింటినీ తిప్పి చూశాను. ఏమీ లేదని చెప్పాను.

"గట్లయితే పెరట్ల దండెం కట్టుకోను పనికొస్తయి, ఉంచుకోమను."